బుట్ట మూసే ముందు ఒక రాత్రి

నిరుడు మా జొన్న విత్తనం సగానికి సగం మొలవలేదు. బాగా ఎండబెట్టాను, గాలి చొరని డబ్బాలో పోసి మూత బిగించాను. పురుగైనా పట్టలేదు. మరి ఎందుకు చచ్చిందో అంతుపట్టక, ఈ ఎండాకాలం మొదట్లో జహీరాబాద్ దగ్గరి పస్తాపూర్‌కు వెళ్ళాను. అక్కడ 1983 నుంచి పనిచేస్తున్న దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు పాతపంటల విత్తనాలను ఇళ్ళల్లోనే కాపాడుకుంటున్నాయి. 2019లో ఈ సంస్థకు ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ బహుమతి దక్కింది.

సంఘం పెద్దావిడ ఒకరి వాకిట్లో తెల్లజొన్న ఆరబోసి ఉంది. కోతకు ముందే చేలో తిరిగి, నిండుగా పండిన కంకులను వేరుగా ఏరి కొట్టిన గింజ అది. రెండు గింజలు నా చేతిలో పెట్టి కొరకమంది. కటుక్కుమన్నాయి.

"మెత్తగ అణిగితే ఇంకో ఎండ గావాలె" అంది.

ఆమె తేమ మీటరు పళ్ళే. విత్తన ధ్రువీకరణ ప్రమాణాల ప్రకారం జొన్న విత్తనంలో తేమ 12 శాతం మించకూడదు. ఆ తేమ ఒక్క శాతం తగ్గితే విత్తనం ఆయుష్షు దాదాపు రెట్టింపవుతుందని హారింగ్టన్ సూత్రం చెబుతుంది.

గింజ ఎండింది కదా, ఇక బుట్టకెత్తుతారని, ఫొటో కోసం ఫోను తీశాను. ఆమె నవ్వింది.

"ఇప్పుడెక్కడిది బిడ్డా! ఏడేడి ఇత్తులు మూసిపెడితే లోపల చెమట వడుతది. రాత్రంత సల్లారాలె."

నా తప్పు అక్కడ దొరికింది. మధ్యాహ్నపు వేడి గింజను అలాగే డబ్బాలో పోశాను. అందులోని తేమ ఆవిరై, చల్లబడ్డ రేకుకు నీరుగా పట్టి, మళ్ళీ గింజలోకే దిగి ఉంటుంది. గాలి చొరని డబ్బా ఆ తడిని బయటికి పోనివ్వలేదు.

తెల్లారి మళ్ళీ వెళ్ళాను. పేడ, ఎర్రమట్టి అలికి ఎండబెట్టిన వెదురుబుట్ట సిద్ధంగా ఉంది. అడుగున నీడన ఎండిన వేపాకు, పైన జల్లించిన పిడకల బూడిద పరిచి, బూడిద కలిపిన జొన్నలు పోసింది. మీద మళ్ళీ బూడిద, వేపాకు. ఆ మెత్తటి పొడి గింజల మధ్య సందులు పూడ్చి పురుగును కదలనివ్వదు. దాని ఒంటి మీది మైనపు పొరను గీకేస్తే, ఒంట్లో నీరు ఇగిరి ఎండిపోతుంది. చివరికి బుట్ట మూతి నిండా గడ్డి కుక్కి పేడమట్టితో మెత్తింది. మట్టి ఎండి పగుళ్ళిచ్చిన చోటల్లా వేలు తడి చేసి మళ్ళీ రాసింది.

వానాకాలమంతా దాటి, విత్తే ముందే ఈ బుట్ట విప్పుతారు. అప్పుడైనా విత్తనం నేరుగా చేలోకి పోదు. నూరు గింజలు తడిగుడ్డలో చుట్టి, మొలకలు లెక్కపెడతారు. ధ్రువీకరణకు కనీసం 75 రావాలి. నేను ఆ పనీ చేయలేదు.

వచ్చేటప్పుడు పిడికెడు జొన్నలు కొంగు ముడిలోంచి తీసి ఇచ్చింది. ఇల్లు చేరేసరికి సంచిలో అవి వెచ్చబడ్డాయి. డబ్బా మూత తీయబోయి ఆగాను. ఆ రాత్రి వాటిని పళ్ళెంలోనే పరిచి ఉంచాను.