టాలిన్‌లో సీసం పోసిన తాళాలు

ఎస్టోనియా రాజధాని టాలిన్‌లో పాత పట్నం రెండు భాగాలు. పైన తూంపియా గుట్ట మీద పాలకులు, బిషప్పు ఉండేవారు. కింద వర్తకుల ఊరు. ఉప్పు, ధాన్యం, బట్టలు బాల్టిక్ సముద్రం మీదుగా నడిపిన హాన్సా వర్తకుల మాటే అక్కడ చెల్లేది. అప్పట్లో ఊరి పేరు రెవాల్.

గుట్ట దిగువన ఉన్న నిగులిస్టే చర్చి ఆ వర్తకులదే. 13వ శతాబ్దంలో గోట్లాండ్ దీవి నుంచి వచ్చిన జర్మన్లు దీన్ని కట్టి, నావికులను కాచే సెయింట్ నికోలస్ పేరు పెట్టుకున్నారు. సంపాదన పెరిగేకొద్దీ చర్చికి కానుకలూ పెరిగాయి. వాటిలో పెద్దది లూబెక్ చిత్రకారుడు హెర్మన్ రోడె 1478-81 మధ్య చేసిన ప్రధాన పీఠం. తలుపుల్లా తెరుచుకునే రెక్కలు రెండు జతలు. మామూలు రోజుల్లో మూసే ఉంచేవారు. రెండు జతలూ తీస్తే లోపల బంగారు పూత పూసిన కొయ్య శిల్పాలు బారులు తీరి కనిపిస్తాయి.

1524లో మత సంస్కరణ ఊపులో జనం ఊళ్లోని చర్చిల మీద పడి విగ్రహాలు పగలగొట్టారు. నిగులిస్టే చర్చి బాగోగులు చూసే పెద్దమనిషి మాత్రం దాని తాళాల్లో కరిగించిన సీసం పోయించాడట. ఎవరూ లోపలికి రాలేకపోయారు. ఈ ఉపాయం వల్ల కూడా ఇన్ని శతాబ్దాల తర్వాత ఆ పీఠం ముందు నిలబడగలుగుతున్నాం.

నన్ను కట్టిపడేసేది మాత్రం బెర్న్ట్ నోట్కె గీసిన ‘మృత్యు నృత్యం’. ఏడున్నర మీటర్ల గుడ్డ మీద అస్థిపంజరాలు చిందులేస్తూ పోప్‌నూ, చక్రవర్తినీ, చక్రవర్తినినీ, కార్డినల్‌నూ, రాజునూ చేయి పట్టి లాక్కుపోతుంటాయి. ఒక అస్థిపంజరం కూర్చుని తిత్తి ఊదుతుంటుంది. కింద జర్మన్ మాండలికంలో పద్యాలు: మృత్యువు పిలుస్తుంది, మనిషి బతిమాలుకుంటాడు. ఇది మొదటి ముక్క మాత్రమే, మిగతాది పోయింది. లూబెక్‌లోని ఇలాంటి చిత్రంలో వరుస ఉయ్యాలలోని పసిబిడ్డ దాకా సాగేది. అది 1942 బాంబుదాడిలో కాలిపోయింది. ఇక్కడ పాలకులే మిగిలి, మామూలు మనుషులు లేకపోవడం నాకు తీరని లోటుగానే అనిపిస్తుంది.

ఈ చర్చిలోనే డ్యూక్ ద క్రోయ్ కథ కూడా నడిచింది. 1700లో నార్వా యుద్ధంలో రష్యా సేనను నడిపి స్వీడన్ సైన్యానికి చిక్కాడు. 1702లో అప్పులతో చనిపోతే, బాకీ తీరేదాకా పాతిపెట్టనివ్వమని అప్పులవాళ్లు అడ్డుపడ్డారు. కుళ్లకుండా ఎండిపోయిన ఆ శవాన్ని 19వ శతాబ్దంలో జనం వింతగా చూడ్డానికి వచ్చేవారు. 1897లో గానీ దానికి మట్టి దక్కలేదు. మృత్యువు ముందు అందరూ సమానమని చెప్పే చిత్రమున్న గోడల మధ్య ఒక మనిషికి ఇలా జరగడం తలచుకుంటే మనసు కలుక్కుమంటుంది.

1944 మార్చి 9 రాత్రి సోవియట్ విమానాలు టాలిన్ మీద బాంబులు కురిపించాయి. పక్కనున్న హార్యు వీధి నేలమట్టమైంది, చర్చి శిఖరం కాలి కూలింది. విలువైన కళాఖండాల్లో చాలావాటిని అప్పటికే వేరేచోటికి తరలించడంతో అవి దక్కాయి. గోడలు మళ్లీ లేపడానికి దశాబ్దాలు పట్టింది. పని సాగుతుండగానే 1982లో శిఖరానికి మళ్లీ నిప్పంటుకుంది.

చివరికి 1984లో ఇది మ్యూజియంగా తెరుచుకుంది. మతాన్ని దూరం పెట్టిన సోవియట్ ప్రభుత్వమే మతకళకు ఇంత చోటిచ్చింది! కచేరీలకూ అదే హాలు. రాతి కప్పు కింద ఆర్గన్ నాదం ఎక్కువసేపు నిలుస్తుంది కాబట్టి, వీలైతే కచేరీ ఉన్న రోజే వెళ్లండి. రోడె పీఠానికి మాత్రం ముందుగానే తీరిక పెట్టుకోండి.