సెల్లారు యాత్ర

హైదరాబాదుకు చుట్టాలెవరైనా వస్తే చార్మినారు చూపిస్తాం, గోల్కొండ ఎక్కిస్తాం, ఇంకా ఓపికుంటే సాలార్‌జంగ్ మ్యూజియంలో గంట కొట్టే గడియారం ముందు నిలబెడతాం. సెల్లారు చూపించేవాళ్ళు మాత్రం ఎక్కడా లేరు. నేను ఊళ్ళు తిరిగే ఉద్యోగం చేసేవాణ్ణి. ఎన్నో పట్నాలు చూశాను. కాని మా సెల్లారులో తెలుసుకున్నంత లోకజ్ఞానం మరెక్కడా దొరకలేదు. అంచేత ఈ సారి పాఠకులను అక్కడికే తీసుకుపోతాను. చెప్పులు విడవనక్కర్లేదు. టిక్కెట్టు కూడా లేదు.

మా అపార్టుమెంటు నల్లకుంటలో ఉంది. పేరులోనే కుంట ఉంది కదా, ఆ సంగతి వానాకాలంలో గుర్తుకొస్తుంది. 2020 అక్టోబరులో ఊరంతా ముంచెత్తిన వానకు మా సెల్లారులో మోకాటిలోతు నీళ్ళు నిలిచాయి. స్తంభాల మీద ఆ చార ఇప్పటికీ చెరగలేదు. వీధిలోంచి ర్యాంపు దిగితే ముందు చల్లగా తగులుతుంది. తరవాత పెట్రోలు వాసన, తడి సిమెంటు వాసన, వాచ్‌మన్ గదిలోంచి పోపు వాసన వరసగా వస్తాయి. ఇరవై ఇళ్ళు, స్తంభాలకు ఇరవై నంబర్లు, మెట్ల కింద వాచ్‌మన్ కాపురం. ఆ పక్క గోడకు ఇరవై మీటర్లు బడిపిల్లల్లా వరసగా నిలబడి ఉంటాయి. చివర ఇరవై ఒకటోది కామన్ మీటరు. లిఫ్టూ, మెట్ల దీపాలూ, నీళ్ళ మోటారూ, వాచ్‌మన్ గదీ దాని మీదే నడుస్తాయి. ఈ కథకు నాయకుడు అదే.

నాది ఆడిట్ ఉద్యోగం. నెలలో ఇరవై రోజులు క్యాంపులే. నేను లేనప్పుడు నా మోటారు సైకిలు పదకొండో నంబరు స్తంభం పక్కన ముసుగేసుకుని పడుకుంటుంది. ఓ వేసవిలో క్యాంపు నుంచి తిరిగొచ్చి, ముసుగు తీసి, దుమ్ము దులిపి, బొత్తాం నొక్కాను. టక్ టక్ టక్ అంది. ఇంకోసారి నొక్కాను. ఈసారి ఆ మాత్రం కూడా అనలేదు.

సెల్లారులో బండి కదలకపోతే సలహాలకు కొదవుండదు. రెండో అంతస్తు మాస్టారు, "రోజూ ఓ పది నిమిషాలు మీ ఆవిడ చేత స్టార్టు చేయించవలసింది" అన్నారు. నాలుగో అంతస్తు వకీలు గారు, "కిక్కు కొట్టండి" అన్నారు. కొట్టడానికి కిక్కు ఏదీ? వెనకటి బళ్ళకు ఉండేది. ఇప్పటి బళ్ళు చాలావాటికి బొత్తామే దిక్కు. చివరికి మా వాచ్‌మన్, ఇద్దరు క్రికెట్ కుర్రాళ్ళు కలిసి బండిని ర్యాంపు మీదికి తోశారు. పై నుంచి గేరు వేసి కిందికి వదిలాను. బండి దర్జాగా జారి, దర్జాగా ఆగింది.

మెకానిక్కు వచ్చి నవ్వాడు. "పాత కార్బురేటర్ బండయితే నెడితే లేచేది సార్. 2020లో కొత్త పొగ నిబంధనలు వచ్చినకాడి నుంచి ఇంజక్షన్ బళ్ళే ఎక్కువ. పెట్రోలు పంపు తిరగాలన్నా కరెంటు కావాలె. బ్యాటరీ పూర్తిగా చచ్చినంక ఎంత నెట్టినా మీ చెప్పులే అరుగుతయ్" అన్నాడు. ముందు నల్లతీగ, తరవాత ఎర్రతీగ విప్పి బ్యాటరీ నా చేతిలో పెట్టాడు. ఆ వరస ఎందుకని అడిగాను. ఎర్రది ముందు విప్పేటప్పుడు పానా పొరపాటున బండి ఇనుముకు తగిలితే నిప్పులు రాలతాయట. నల్లది ముందే విప్పేస్తే ఆ బెడద ఉండదు. బిగించేటప్పుడు ఎర్రది ముందు, నల్లది తరవాత.

బ్యాటరీని ఒళ్ళో పెట్టుకుని ఆటోలో ట్యాంక్‌బండ్ మీదుగా రాణీగంజ్ బయలుదేరాను. హుస్సేన్‌సాగరులో బుద్ధుడు ఎప్పటిలాగే చెయ్యెత్తి నిలబడి ఉన్నాడు. భయపడకు అంటున్నట్టే అనిపించింది. రాణీగంజ్ సందుల్లో బళ్ళకు సంబంధించి దొరకని సామాను లేదు. ఓ చిన్న దుకాణంలో తెల్లగడ్డం ముసలాయన బ్యాటరీకి మీటరు తగిలించి, పదకొండున్నర దగ్గర ఆగిన అంకె నాకు చూపించాడు.

"నిండుగుంటే పన్నెండు పాయింట్ ఏడు చూపెట్టాలె సాబ్. పన్నెండు పాయింట్ నాలుగుకు వచ్చిందంటే ఆకలైతున్నదని. పన్నెండు కిందికి దిగిందంటే పస్తులున్నట్టు."

"నేను వాడనే లేదు కదండీ?"

"వాడకపోతేనే చస్తది" అన్నాడాయన.

ఆయన చెప్పింది నా మాటల్లో చెబుతాను. బండి తాళం తీసేసినా గడియారమూ, లోపలి ఎలక్ట్రానిక్ పెట్టే నిద్రపోవు. అవి తాగేది అయిదు మిల్లీ ఆంపియర్లే అనుకుందాం. గంటకు అయిదు చొప్పున రోజుకు నూట ఇరవై, ఇరవై రోజులకు రెండువేల నాలుగువందలు. నా బ్యాటరీ మొత్తం ఎనిమిది ఆంపియర్ అవర్లది. అంటే దాదాపు మూడోవంతు గడియారం ఖాతాలోనే పోయింది. దానికి తోడు, ఏమీ తగిలించకపోయినా ఈ జాతి బ్యాటరీ తనలో తనే కొంత కరిగిపోతుంది. ఎండ ముదిరిన కొద్దీ ఆ కరుగుడు ఎక్కువ. పది డిగ్రీలు పెరిగితే సుమారు రెట్టింపవుతుంది. ఖాళీ కడుపుతో వదిలేస్తే సీసం పలకల మీద సల్ఫేటు గడ్డకట్టి, ఆ తరవాత ఎంత కరెంటు పోసినా పట్టదు. 1859లో ప్లాంటే అనే ఫ్రెంచి ఆయన ఈ సీసం బ్యాటరీ కనిపెట్టాడు. అది ఎన్ని మెరుగులు దిద్దుకున్నా ఈ గుణం మాత్రం మానలేదు. ఇక మాస్టారు చెప్పిన పది నిమిషాల వైద్యం సంగతి. నిలబెట్టిన బండి నెమ్మదిగా తిరిగేటప్పుడు పుట్టే కరెంటు తక్కువ. స్టార్టు చేయడానికి ఖర్చయింది కూడా ఒక్కోసారి పూడదు. నడిపితేనే నిండేది.

నాలాటి క్యాంపు మనిషికి మందు ఒకటే: నిండగానే తనంతట తాను తగ్గిపోయి, ఆ మీదట కాపలా మాత్రం కాసే చిన్న చార్జరు. పాతకాలపు చార్జరు తగిలించి మరిచిపోతే బ్యాటరీని ఉడకబెట్టేస్తుంది. ఇది పధ్నాలుగు వోల్టుల పైదాకా ఎక్కించి, నిండాక పదమూడు చిల్లరకు దిగి, అక్కడ కూచుంటుంది. కొత్త బ్యాటరీ, ఆ చార్జరు రెండూ కొనుక్కుని ఇంటికొచ్చాను.

తీరా వచ్చాక, తగిలించేది ఎక్కడ? పదకొండో స్తంభానికి నంబరు ఉంది గాని ప్లగ్గు లేదు. మా ఇల్లు అయిదో అంతస్తు. ప్రతి క్యాంపుకూ బ్యాటరీ విప్పి పైకి మోయడమంటే మా ఆవిడ, "వంటింట్లో యాసిడ్డు డబ్బా పెట్టనివ్వను, మీ ఇష్టం" అంది. ఇంకా ఆలోచిస్తూ ఉండగానే మా వాచ్‌మన్, "నా కిటికీలకెళ్ళి తీగ తీస్కోండ్రి సారూ. మూడడుగులే గద" అన్నాడు. చక్కగా కుదిరింది. క్యాంపుకు పోతూ చార్జరు తగిలించడం, వచ్చి తీసేయడం. బండి బొత్తాం నొక్కీ నొక్కకముందే లేచేది. రెండు నెలలు హాయిగా గడిచాయి. ఎదుటివాళ్ళ ఆఫీసుల్లో ఓ పెన్సిలు లెక్కకు రాకపోతే ఎర్రసిరాతో ప్రశ్న రాసే నేను, కామన్ మీటరు మీద తీగ వేశానని ఎవరికీ ఒక్క మాట చెప్పలేదు. చెప్పాలని తోచను కూడా లేదు సుమండీ!

మే నెల క్యాంపు నుంచి వచ్చిన రాత్రి మా ఆవిడ అన్నం వడ్డిస్తూ చెప్పింది.

"ఏమండీ, వాచ్‌మన్ జీతంలో రెండొందలు కోశారు తెలుసా?"

"ఏం చేశాడు?"

"కామన్ బిల్లు పెరిగిందని మీటింగు పెట్టారు. కార్యదర్శి గారు కిందికి వెళ్ళి చూస్తే అతని కిటికీలోంచి తీగ కనపడిందట. ఇదేమిటని అడిగితే నాదే అన్నాడట. నాకివాళ పొద్దున్నే తెలిసింది."

ముద్ద దిగలేదు. చెయ్యి కడుక్కుని కిందికి వెళ్ళాను. వాచ్‌మన్ మంచం వాల్చుకుంటున్నాడు.

"నాది అని ఎందుకు చెప్పావయ్యా?"

"మీరు ఊళ్ళ లేరు గద సారూ. లేని మనిషి మీద మాట ఎట్ల చెప్పాలె?" అన్నాడు. ఆ పైన మాట్లాడలేదు.

ఆ రాత్రి ఇరవై ఒకటో మీటరు ముందు నిలబడి లెక్క వేశాను. ఖాళీ బ్యాటరీ నిండడానికి యూనిట్టులో ఏడోవంతు చాలు. ఆ తరవాత ఇరవై రోజులు కాపలా కాసినందుకు, మూడు వాట్లనుకున్నా, యూనిట్టున్నర కాదు. యూనిట్టు పది రూపాయలని వేసుకున్నా మొత్తం పదిహేడు రూపాయలు. మరి బిల్లు ఎందుకు పెరిగింది? జనవరిలో రెండు గంటలు తిరిగే నీళ్ళ మోటారు, బోరు అడుగంటి మే నెలలో ఆరు గంటలు తిరిగింది. ఎక్కువ తిరిగిన నాలుగు గంటలకూ, గంటకు యూనిట్టున్నర చొప్పున, రోజుకు ఆరు. నెలకు నూట ఎనభై యూనిట్లు! దొంగ కిటికీలో లేడు, బోరులో ఉన్నాడు.

మర్నాడు ఆదివారం. మీటింగు పెట్టమని నేనే అడిగాను. ఆ లెక్కంతా కాగితం మీద రాసుకుని సెల్లారులో ప్లాస్టిక్ కుర్చీల మధ్య నిలబడ్డాను. మోటారు లెక్క చెబుతున్నంతసేపూ గొంతు బాగానే పలికింది. "తీగ నాది" అనేటప్పటికి మాత్రం కొంచెం తడబడింది. కార్యదర్శి గారు మంచివారే. "పదిహేడు రూపాయలకు ఇంత రాద్ధాంతమా! ముందే ఒక్క మాట చెబితే పోయేది కదండీ" అన్నారు. నేను ఎంతోమంది గుమాస్తాలతో అన్న మాటే అది. వాచ్‌మన్‌కు రెండొందలూ తిరిగి ఇచ్చేట్టు తీర్మానం అయింది.

ఇంకో తీర్మానం కూడా అయింది. స్తంభం మీద 2020 నాటి నీటి చారకు రెండడుగులు పైన, గాలి ఆడే చోట ఒక ప్లగ్గూ, దానికి వేరే చిన్న మీటరూ పెట్టాం. పక్కన మేకుకు ఓ లెక్కపుస్తకం, దారం కట్టిన పెన్సిలు. ఎవరు తగిలించినా పేరూ తేదీ రాయాలి. నెలాఖరుకు ఎవరి వంతు వాళ్ళు కట్టాలి. ఇప్పుడు మాస్టారి స్కూటరు, వకీలు గారి అబ్బాయి బండి, నా బండి వంతులవారీగా అక్కడే నిద్రపోతాయి. కార్యదర్శి గారు ఎలక్ట్రిక్ స్కూటరు కొందామనుకుంటున్నారు. అది ఒక్క రాత్రికి తాగేది నా బండి నెలకు తాగేదానికంటే ఎక్కువ. ఆ మీటింగు ఎలా ఉంటుందో చూడాలి.

వాచ్‌మన్ రెండొందలూ తీసుకున్నాడు. నాతో ఎప్పటిలాగే నవ్వుతూ మాట్లాడతాడు. కాని ఓ రోజు ప్లగ్గు దగ్గర ఎవరిదో బండి ఉంటే, "పోనీ, మీ కిటికీలోంచి తీసుకోనా?" అన్నాను. "వద్దు సారూ, మీ వంతు వచ్చినంకనే పెట్టుకోండ్రి" అన్నాడు. అందులో కోపమేమీ లేదు. అదే నాకు కష్టం తోచింది.

మొన్న నెలాఖరుకు లెక్కలు చూసే పని నాకే అప్పగించారు. పుస్తకం పేజీలు తిప్పుతుంటే బళ్ళ పేర్ల మధ్య పిల్లల దస్తూరీతో, గుండ్రంగా, తేదీలతో సహా ఓ వరస కనపడింది. మూడో తరగతి చదివే వాచ్‌మన్ కూతురు రాసింది: "నాన్న సెల్లు. ఒక్కసారి."

నా వంతు డబ్బులతో పాటు ఆ పద్దుకు కట్టవలసిన పైసలు కూడా నేనే కట్టేద్దామనుకున్నాను. మళ్ళీ ఎందుకో మానుకుని, మా ఇద్దరి పేర్లూ విడివిడిగా రాసి, కింద సంతకం చేశాను.