నలుగురు దేవదాసులు

నిన్న రాత్రి మళ్లీ 1953 నాటి దేవదాసు పెట్టుకున్నాను. అక్కినేని కళ్లు సగం వాలి ఉంటాయి. తాగుడు సన్నివేశాలు రాత్రిళ్లే తీశారట, నిద్రలేమి కళ్లలో కనబడాలని. ఆ మత్తు మేకప్‌తో రాదు.

1974లో విజయనిర్మల దర్శకత్వంలో కృష్ణ రంగుల్లో దేవదాసయ్యాడు. కృష్ణంటే నాకు ఇష్టమే, కానీ ఓడిపోయినవాడిగా ఆయన్ని నమ్మలేకపోయాను. 2002లో భన్సాలీ హిందీ దేవదాస్ అయితే అంతా అద్దాల మేడలు, బరువైన చీరలు. పార్వతి, చంద్రముఖి కలిసి చిందేస్తారు కూడా. ఈ కథకు మూలమైన శరత్ నవలలో వాళ్లిద్దరూ కలుసుకోనే కలుసుకోరు! బిమల్ రాయ్ తన 1955 దేవదాస్‌లో ఇద్దర్నీ దారిలో ఎదురుపడనిచ్చాడు, మాట్లాడుకోనివ్వలేదు. నాకు ఆ చూపు చాలు.

సినిమా అయ్యాక మా ఆవిడ టీవీ కట్టేస్తూ అడిగింది: "అంత ప్రేమున్నవాడు, ఆ పార్వతి అర్ధరాత్రి వచ్చి అడిగినప్పుడే చేసుకోవచ్చుగా?"