ఎవరి పీట వారిది

మా యింట రెండవ పొయ్యి వెలిగిన దినమున నేను అన్నము ముట్టలేదు. ఇద్దరు కుమారులు, ఇద్దరు కోడండ్రు ఒక్క చూరు క్రింద నుండగా పొయ్యియు ఒక్కటిగానే యుండవలెనని నాలుగు సంవత్సరములు పట్టుబట్టితిని. పాలు ఎవరి బిడ్డకు ముందు, చేపముక్క ఎవరి కంచములో పడెను అను మాటలు మొదట గుసగుసలుగా నుండి, తరువాత కేకలాయెను. క్రిస్మసుకు వారము దినములుండగా చిన్నవాడు అన్న మీదికి కర్ర యెత్తెను. నేను నడుమ పడకపోయిన యెడల ఏమగునో వ్రాయుటకు చేయి రాదు.

ఆ పండుగ సెలవులలోనే మనుమని వెంటబెట్టుకొని విశాఖపట్టణపు జంతు ప్రదర్శనశాలకు పోయితిని. సర్కసులలో సింహములను, పులులను ఆడింపరాదని ప్రభుత్వము 1998లో ఆజ్ఞ యిచ్చినది. 2001లో సుప్రీంకోర్టు దానిని స్థిరపరచినది. అట్లు విడుదలైన మృగములలో అనేకములను విశాఖపట్టణమునకును తిరుపతికిని చేర్చిరి. అచ్చట ఒక ముసలి కాపరి కనబడగా, నా చిన్ననాట సర్కసు డేరాలో సింహమును పులియు ప్రక్కప్రక్కన కూర్చుండుట చూచితిననియు, ఎంత స్నేహమో అని అబ్బురపడితిననియు చెప్పితిని.

అతడు నవ్వెను. "స్నేహం కాదు మాస్టారూ, పీటలు. ఎవరి పీట వారిది. ఒకదాని పీట మీదికి ఇంకొకటి ఎక్కిందంటే ఆ పూట ఆట లేదు, రక్తమే" అనెను.

సింహము కుటుంబజీవి యట. అన్నదమ్ములైన మగసింహములు కూడి తిరుగును, కూడి పోరాడును. పులి తన పొలిమేర తాను గీచుకొని ఒంటరిగా బ్రతుకును. పులి తెలిసినవారిని చూచి ముక్కుతో ఫుర్రుమని ఊది పలుకరించును. సింహమునకు ఆ పలుకరింపే లేదు. ఒకరి మర్యాద మరియొకరికి తెలియని యింట కలహము పుట్టుట వింతా? కూనలుగా నున్నప్పటి నుండి కలిసి పెరిగిన యెడల కొంత మేలు. ఎదిగిన తరువాత హఠాత్తుగా ఒక చోట విడిచిపెట్టిన యెడల ప్రాణములకే మోసము. 2011లో టర్కీ దేశపు అంకారా జంతుశాలలో కంచెకు సందు పడగా, ఒక పులి దాని గుండ ప్రక్కనున్న సింహమును ఒక్క పంజా దెబ్బతో మెడనరము తెంచి చంపినది.

"మరి మేత మాటేమి?" అని యడిగితిని.

"సాయంత్రం దేని గదిలోకి దాన్ని పంపి, తలుపేసి, అప్పుడే మాంసం పెడతాం. వారానికొక రోజు అదీ లేదు. మాంసం దగ్గర అన్నదమ్ములు లేరు మాస్టారూ" అనెను. ఆ మాట నాకు గుచ్చుకొనెను. ఇంటి సంగతి అతనికి నేను చెప్పియుండలేదు.

తిరుగు రైలులో మనుమడు తన ఫోనులో ఒక సంగతి చూపెను. అమెరికాలోని అట్లాంటా నగరములో 2001లో పోలీసులు మాదకద్రవ్యముల వర్తకుని యింటి నేలమాళిగలో మూడు కూనలను కనుగొనిరి: సింహము, పులి, ఎలుగుబంటి. ఎలుగుబంటి ఒంటికి కట్టిన పట్టీని ఎవరును వదులు చేయనందున కండ దానిమీదికి పెరిగెను. సింహపుకూన ముక్కు పుండుపడెను. వాటిని జార్జియా రాష్ట్రములోనే ఒక ఆశ్రయమునకు చేర్చిరి. దాని పేరు నోవహు ఓడ! పట్టీ కోసి తీయుటకు ఎలుగుబంటిని వేరుచేయగా తక్కిన రెండును నిలుకడలేక తిరుగులాడెను. అటు తరువాత మూడును పదునైదేండ్లు కలిసి జీవించెను. 2016లో సింహము, 2018లో పులి చనిపోయెను.

అది చదివి యెషయా దర్శనము తలంచుకొంటిని. అయినను దీనిని అద్భుతమని చెప్పి సంఘములో చాటుటకు నాకు మనసు రాలేదు. అవి పసితనములో ఒక్క చీకటిలో ఏడ్చిన కూనలు. నా కోడండ్రు వేరువేరు ఇండ్ల నుండి, వేరువేరు పద్ధతులతో, ఎదిగిన తరువాత వచ్చిన ఆడబిడ్డలు. వారిని ఒక్క కుండ యొద్ద కూర్చుండబెట్టి, కలహించిరని ప్రసంగించినవాడను నేనే గదా.

ఇల్లు చేరిన మరునాడు తాపీవానిని పిలిపించి వసారాకు ఆవలి ప్రక్క రెండవ వంటగది వేయించితిని. ఊరివారు, "మాస్టారి యిల్లు చీలినది" అనిరి. ఆ మాటకే నాకు అన్నము దిగలేదు.

అన్నదమ్ములు ఇంకను పెద్దగా మాటలాడుకొనరు. పొలము నీళ్ల సంగతి వచ్చినప్పుడు రెండు ముక్కలు, అంతే. కాని మొన్న ఆదివారము గుడి నుండి వచ్చి కూర్చుంటినో లేదో, పెద్దకోడలు చేపల పులుసు గిన్నెపై మూతపెట్టి కుమార్తె చేతికిచ్చి, "పిన్నికి ఇచ్చి రా, ఒలకబోయకు" అని చెప్పుట వింటిని. పిల్ల రెండు చేతులతో పట్టుకొని, అడుగులో అడుగు వేయుచు, వసారా దాటి పోయినది.