నీటి క్రింద ఊళ్ళు

జహీరాబాదు వారికి సముద్రము దూరమే. అందుచేత మేము ఇరవైమందిమి తెల్లవారకముందే బస్సులో బయలుదేరి నాగార్జునసాగర్ చేరుకొని, విజయపురి సౌత్‌లో లాంచీ ఎక్కి, నాగార్జునకొండపై దిగాము. ఒకప్పుడిది లోయను ఆనుకొనియున్న కొండ, నేడు ద్వీపము. 1955లో ఆనకట్టకు శంకుస్థాపన జరిగింది. లోయ మునుగుతుందని 1954 నుండి 1960 వరకు త్రవ్వకాలు జరిపి, ముఖ్యమైన కట్టడాలను కొండమీదికి, అనుపుకు తరలించారు.

పిల్లలు కోటగోడల వెంబడి నడుస్తుండగా మా పెద్దమ్మ ఆగిపోయింది. ఆమె ఊరు సింగూరు జలాశయములో మునిగినది. "రాళ్ళనైతే మోసుకొచ్చిండ్రు. మా ఇంటి గడపను ఎవలు తెచ్చిండ్రు బిడ్డా?" అన్నది. మేము బదులు చెప్పలేకపోయాము.

1967లో సాగర్ కాలువలకు నీరు వదిలారు. లక్షలాది ఎకరాలు పండాయి. అన్నము ముందు కృతజ్ఞత చెల్లించునప్పుడు, ఆ నీటికొరకు ఊరు విడిచినవారిని కూడ జ్ఞాపకము చేసికొందము.