బాండ్లు ఆగిన వారం

ఫిబ్రవరి 18, 2025, మంగళవారం, గుంటూరు

మిర్చి ధర బాగా పడిపోయింది. ఈ రేటుకి అమ్మలేక రైతులు టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, కోల్డ్ స్టోరేజీకి తోలుతున్నారు. నల్లపాడు రోడ్డు పొడుగునా ట్రాక్టర్లే. సరుకు లోపలికి పోతోంది గానీ దానికి రసీదుగా ఇచ్చే బాండు చేతికి రావట్లేదు. ఆఫీసు కంప్యూటర్లకు బిల్లింగ్ సర్వర్ ఒకసారి దొరుకుతుంది, కాసేపటికి మాయమవుతుంది. యూట్యూబ్ చక్కగా వస్తోంది కాబట్టి సర్వరే చెడిందని గుమస్తా తేల్చేశాడు. 192.168.1.10 అని అంకెలు కొడితే మాత్రం అది వెంటనే తెరుచుకుంది. ‘బిల్స్ డాట్ లాన్’ అని పేరు కొడితేనే చిక్కు.

వినుకొండ వైపు పెద్దాయన ఒకరు, “బాండు చూపిస్తేనే బ్యాంకోళ్లు అప్పిస్తారు బాబూ, రేపటికన్నా అవుద్దా?” అన్నారు. “ఇప్పుడే తీయిస్తాను బాబాయ్, కూర్చోండి” అన్నాను. అన్ని కంప్యూటర్లలోనూ ఈ పూటకి అంకెలతోనే నడిపించాం. కారణం వెతకడం తర్వాత. ముందు ఆయన బస్సెక్కాలి.

ఫిబ్రవరి 19, బుధవారం

ఒకే కంప్యూటర్, ఒకే నిమిషం. ఎన్ఎస్‌లుకప్‌తో అడిగితే పేరుకు సరైన అంకెలు వచ్చాయి. పింగ్ చేస్తే అలాంటి పేరే లేదంది. చాలామంది ఇక్కడే దారి తప్పుతారు. ఎన్ఎస్‌లుకప్ విండోస్ దాచుకున్న జవాబుల జోలికి పోదు, కంప్యూటర్‌లో రాసిన జాబితాలో మొదటి డీఎన్ఎస్‌ను, అంటే పేరుకు అంకెలు చెప్పే సర్వర్‌ను, నేరుగా అడుగుతుంది. పింగూ బ్రౌజరూ విండోస్ చెప్పింది వింటాయి.

జాబితా తీసి చూశాను. మొదటిది మన ఆఫీసులోని చిన్న కంప్యూటర్ రాస్ప్‌బెర్రీ పై, 192.168.1.2. రెండోది 8.8.8.8, అంటే గూగుల్‌ది. మొదటిది పోయినా పని ఆగకూడదని ఎవరో మంచి ఉద్దేశంతోనే చేర్చారు. కానీ మన గోడల మధ్య పెట్టుకున్న పేరు గూగుల్‌కు ఎలా తెలుస్తుంది? తెలియదు కాబట్టి ‘లేదు’ అంటుంది. విండోస్‌కు అది పూర్తి జవాబే. తిరిగి మొదటిదాన్ని అడగదు. పైగా ఆ ‘లేదు’ను కొంతసేపు గుర్తుపెట్టుకుంటుంది, పలికిన రెండోదాన్నే కొంతసేపు ముందు అడుగుతుంది.

మరి మొదటిది ఎందుకు పలకలేదు? సాయంత్రం దాని పక్కనే నిలబడ్డాను. అమ్మోనియా కంప్రెసర్ ఆన్ చేయగానే లైట్లు మసకబారాయి, రాస్ప్‌బెర్రీ పై ఆరి మళ్లీ వెలిగింది. రౌటర్ యూపీఎస్ మీద ఉంది, ఇది లేదు. అది లేచి నిలబడేలోపు అడిగిన కంప్యూటర్లన్నీ గూగుల్ వైపు తిరిగాయి.

ఫిబ్రవరి 20, గురువారం

కొత్త కుర్రాడు ప్రతి కంప్యూటర్‌లోనూ హోస్ట్స్ ఫైల్‌లో పేరు రాసేద్దాం అన్నాడు. ఒకప్పుడు ఇంటర్నెట్‌కు ముందటి అర్పానెట్ అంతా అలాగే నడిచింది. కాలిఫోర్నియాలో ఒకచోట ఉంచిన ఒకే ఫైలును అందరూ దింపుకునేవారు. యంత్రాలు పెరిగి అది మోయలేని బరువైతేనే 1983లో పాల్ మొకాపెట్రిస్ డీఎన్ఎస్‌ను రూపొందించారు. రేపు సర్వర్ అంకెలు మారితే ఇన్ని టేబుళ్ల దగ్గర ఎవరు దిద్దుతారు? ఒప్పుకోలేదు.

ఫిబ్రవరి 25, మంగళవారం

మార్కెట్ జోక్యం పథకం కింద కేంద్రం క్వింటాలుకు 11,781 రూపాయలు ప్రకటించింది. ఆఫీసులో అదే మాట. అయినా లోడ్లు ఆగలేదు.

రెండో పై కొని, దానికీ అవే పేర్లు నేర్పాను. రెండింటినీ యూపీఎస్ మీదికి మార్చాను. కంప్యూటర్లలో చేత్తో రాసిన 8.8.8.8 తీసేశాను, కంప్యూటర్లకు సెట్టింగులు పంచే డీహెచ్‌సీపీ ఇప్పుడు ఈ రెండింటినే ఇస్తుంది. బయటి పేర్లు అడగాల్సి వస్తే అవే గూగుల్‌ను అడుగుతాయి. మొదటిదాని వైరు పీకి చూశాం, రెండోది సరైన అంకెలే చెప్పింది. సీజన్ అయ్యాక ‘లాన్’ చోట ‘ఇంటర్నల్’ పెట్టాలి. సొంత నెట్‌వర్కుల కోసం 2024లో ఇంటర్నెట్ పేర్లు చూసే సంస్థ ఐకాన్ ఆ పేరును పక్కన పెట్టింది, బయట ఎవరికీ ఇవ్వరు.

చిలకలూరిపేట గోడౌన్‌లోనూ గూగుల్ ఉన్న ఆ పాత జాబితాయే ఉందట. గురువారం అక్కడికి వెళ్లాలి.