ముగ్గురాయిని గాలించిన రోజులు

గాజు బుడ్డి మెడలో కిరసనాయిలు ఎంతవరకు లేచిందన్నదే 2012లో నాకు పగలూ రాత్రీ ధ్యాస. ముగ్గురాయి పొడి 80 గ్రాములు తూచి లీషాటలియే ఫ్లాస్కులో మెల్లగా జారవిడిస్తే, పొడి ఎంత చోటు తీసుకుంటుందో కిరసనాయిలు అంత పైకి వస్తుంది. 19 మిల్లీలీటర్లు లేస్తే సాంద్రత 4.2. చమురు బావులు తవ్వేవాళ్లు బురదలో కలపడానికి అడిగేది ఆ సరుకే. బావిలోంచి తన్నుకొచ్చే గ్యాసును అణిచిపెట్టేది ఆ బురద బరువే మరి. 2010 నుంచి 4.1 సరుకుకూ చమురు పరిశ్రమ పాటించే ఏపీఐ ప్రమాణాల్లో చోటు దొరికింది. 20 లేస్తే మాత్రం 4.0, ఆ పనికి చెల్లదు. మేం పనిచేసిన దిబ్బ మీది రాయిని నూరి పోస్తే కిరసనాయిలు 21.6 దగ్గర నిలబడింది.

ఆ దిబ్బ అప్పట్లో కడప జిల్లాలో ఉన్న మంగంపేట దగ్గర ఒక పిండి మిల్లు ఆవరణలో ఉండేది. ప్రపంచంలోని అతిపెద్ద ముగ్గురాయి నిక్షేపాల్లో ఒకటి మంగంపేటది. మేలైన రాయి ఎప్పటికప్పుడు అమ్ముడుపోతుంది. అగ్నిపర్వతపు బూడిద గట్టిపడిన టఫ్ రాయితో కలిసిపోయిన నాసిరకమే పోగుపడుతుంది. పద్నాలుగు మంది ఆడవాళ్లు సుత్తులతో చితక్కొట్టి, ముక్కను అరచేతిలో ఎగరేసి బరువు చూసి వేరుచేసేవాళ్లు. వాళ్ల చేతికి ఆనని చిన్న ముక్కలన్నీ దిబ్బలోకే. ఆ చిన్న ముక్కల కోసం ఒక యంత్రం చేసిపెట్టమని యజమాని అడిగాడు. లారీ మీద ఎక్కించి మరో దిబ్బ దగ్గరికి తీసుకుపోయేంత చిన్నదిగా ఉండాలన్నాడు.

నేను చేసింది జిగ్గు. జల్లెడ మీద రాళ్ల పరుపు, కింద రబ్బరు డయాఫ్రమ్. డయాఫ్రమ్ ఆడితే నీళ్లు జల్లెడలోంచి ఎగసి దిగుతాయి. బరువు రాయి అడుగుకు చేరుతుంది, తేలిక రాయి పైపైన కదిలి గట్టు దాటి పోతుంది. జల్లెడ 600 మిల్లీమీటర్ల వెడల్పు, 900 పొడవు. జిగ్గుకు 5 హెచ్‌పీ మోటారు, నీళ్లు తోడడానికి 7.5 హెచ్‌పీ పంపు పెట్టాను. తక్కువ పడితే తలవంపులని ప్రతిదీ ఒక మెట్టు పెద్దదే తీసుకున్నాను.

బిగించేసరికి సెప్టెంబరు. పవర్ హాలిడే రోజులవి. వారంలో కొన్ని రోజులు పరిశ్రమలకు కరెంటు ఉండేది కాదు. జనరేటరు మీద నడిపితే డీజిలు ఖర్చే రాయి ధరను మింగేసేది. అంత తగలేసినా ఫ్లాస్కులో 20.4 కంటే కిందికి రాలేదు. విడిపోవడం లేదంటే బలం చాలడం లేదనుకుని స్ట్రోకు 35 మిల్లీమీటర్లకు పెంచాను. తొట్టి దడదడలాడింది, పునాది బోల్టులు వదులయ్యాయి, రీడింగు కదల్లేదు.

ఏరేవాళ్లలో పెద్దావిడ కొంగుతో చెవులు మూసుకుని వచ్చి చూసింది. "బియ్యం గాలించేదానికి గంగాళమెత్తి కుదేస్తామా నాయనా? చిన్నగా అల్లాడించాల" అంది.

ఆ రాత్రి తొట్టి పక్క రేకు కోసి పర్‌స్పెక్స్ పలక బిగించాం. టార్చి వేసి చూస్తే నా తప్పు కళ్లెదుట కనిపించింది. నీళ్లు దిగేటప్పుడు పీల్పు ఎంత గట్టిగా ఉందంటే, రాళ్లన్నీ ఒకదాన్నొకటి కరుచుకుని జల్లెడకు అతుక్కుపోతున్నాయి. ఆ బిగిసిన పరుపును మళ్లీ విడదీయడానికే మోటారు శక్తంతా పోతోంది.

నీళ్లలో వదిలిన గులక తొలి క్షణంలో ఎంత త్వరగా వేగం పుంజుకుంటుందన్నది దాని పరిమాణాన్ని బట్టి కాదు, సాంద్రతను బట్టి ఉంటుంది. ముగ్గురాయికి అది గురుత్వ త్వరణంలో 0.78 వంతు, టఫ్‌కు సుమారు 0.63. ఆ తేడా తొలి క్షణానిదే. ఎక్కువసేపు పడనిస్తే పెద్ద టఫ్ ముక్క చిన్న ముగ్గురాయిని దాటేస్తుంది. కాబట్టి కదలిక పొట్టిగా, వెంటవెంటనే ఉండాలి. కాలేజీలో చదివిందే ఇది. పెద్దమ్మ మాట విన్నాక గానీ దాన్ని నా తొట్టిలోకి తెచ్చుకోలేదు.

స్ట్రోకును 12 మిల్లీమీటర్లకు తగ్గించి, నిమిషానికి 80 ఉన్న ఊపులను 120 చేశాను. డయాఫ్రమ్ దిగుతున్నప్పుడు మాత్రమే కింది నీళ్లు లోపలికి వచ్చేలా తిరిగే వాల్వు పెట్టాను. పాత డెన్వర్ జిగ్గుల్లోని ఉపాయమే అది. పీల్పు మెత్తబడింది, గంటకు 60 ఘనపు మీటర్ల నీళ్లు పట్టేది 30కి దిగింది.

అసలు మిగులు స్ప్రింగుల వల్ల వచ్చింది. డయాఫ్రమ్, దాంతోపాటు ఆడే నీళ్లు కలిపి దాదాపు 400 కిలోలు. అంత బరువును ప్రతి ఊపుకూ మోటారే ఎత్తనక్కర్లేదు. ఉయ్యాలను ఎవరూ మోసుకుని ఊపరు, అది వెనక్కి వచ్చినప్పుడు ఒక్క తోపు తోస్తే చాలు. నిమిషానికి 120 ఊపులు స్ప్రింగుల సొంత లయ కావాలంటే, నాలుగింటిలో ఒక్కొక్కటీ మిల్లీమీటరు కుంగడానికి 16 న్యూటన్లు పట్టాలని లెక్క తేలింది. మొదటి జత పదకొండో రోజున చివరి చుట్ట దగ్గర విరిగింది. అంచు సానబట్టకుండా బిగించింది నేనే. రెండో జత నిలబడింది. 5 హెచ్‌పీ మోటారు తీసేసి 2 హెచ్‌పీది పెట్టాం.

పంపు సంగతి మరీ బాధాకరం. 12 మీటర్ల ఎత్తున ట్యాంకు కట్టించి, నీళ్లు పైకి తోడి, మళ్లీ వాల్వు నొక్కి ఆ ఒత్తిడినంతా పాడుచేస్తున్నాను. జిగ్గుకు అంత ఎత్తే అవసరం లేదు. ట్యాంకును 5 మీటర్లకు దించి, వాడిన నీళ్లు తేరుకోవడానికి పక్కనే గుంట తవ్వించాను. రాయలసీమలో నీటి చుక్క వదులుకోలేం కదా. పంపూ 2 హెచ్‌పీకి వచ్చింది. పన్నెండున్నర హెచ్‌పీ పని నాలుగింటితో జరిగింది. అర మిల్లీమీటరు కంటే సన్నటి పొడిని మాత్రం ఆ తొట్టి పట్టలేకపోయింది. దాన్ని విడిగా పోగువేశాం.

డిసెంబరులో ఒక సాయంత్రం ఫ్లాస్కు 18.9 చూపింది. మళ్లీ తూచి మళ్లీ పోశాను. 18.9. అప్పటికే అందరూ దాన్ని గాలింపు తొట్టి అంటున్నారు. నేను డ్రాయింగులో రాసుకున్న పేరు ఎవరికీ గుర్తులేదు.

దిబ్బకు తొట్టి, పెద్ద రాయికి చేతులు అన్న మాట మీదే పని ఒప్పుకున్నాను. సంక్రాంతి దాటాక యజమాని రాయినంతా చిన్నగా నలగ్గొట్టించి తొట్టిలోకే పంపాడు. పద్నాలుగు మందిలో ఎనిమిది మందిని మానిపించాడు. వాదించాను, వినలేదు. ఆ కొలతలన్నీ గీసింది నా చేతులే కాబట్టి ఇది నా లెక్కలో కూడా రాసుకోవలసిందే.

ఎండాకాలంలో కోడూరు బస్టాండులో పెద్దమ్మ కనిపించింది. మామిడి తోటలో కోతకు పోతోందట. పలకరించడానికి నాకు నోరు రాలేదు. ఆవిడే దగ్గరికి వచ్చింది.

"తొట్టి బాగా ఆడతాండాదా నాయనా?"

"ఆడుతోంది పెద్దమ్మా."

"చిన్నగానే అల్లాడిస్తాండారా?"

అవునన్నాను. తోటకు పోయే ఆటో వస్తే గంప ఎత్తి అందించాను.